అమ్మ ఏమైనా అందా?

కిందటి సంచికకు వ్యాసం ఇస్తానని ఒప్పుకుని ఎగ్గొట్టాను. సంపాదకులు ఊరుకోలేదు. "డాక్టరుగారూ, రక్తపోటు మీదో చక్కెర వ్యాధి మీదో రెండు పేజీలు రాయండి, చాలు" అన్నారు. వాటి గురించి రోజూ ఆస్పత్రిలో చెప్పి చెప్పి నాకే విసుగెత్తింది. అంచేత వాటి జోలికి పోకుండా, శనివారం సాయంత్రాలు మా నాలుగైదు కుటుంబాల మధ్య నడుస్తున్న ఒక తగాదా గురించి రాస్తాను. తగాదాకు మూలం ఒక టీవీ సీరియల్. ఇంత చదువూ చదివి సీరియళ్ళ మీద వ్యాసమా అని పెద్దలు నవ్వితే నవ్వవచ్చు.

సీరియల్ పేరు 'బెటర్ కాల్ సాల్'. 2015 నుంచి 2022 దాకా ఆరు విడతలుగా 63 భాగాలు వచ్చింది. దీనికి ముందు, 2008-2013 మధ్య, 'బ్రేకింగ్ బ్యాడ్' అని ఒకటి వచ్చింది. కాన్సరు వచ్చిన ఒక కెమిస్ట్రీ మేష్టారు మత్తుమందు వండడం మొదలుపెట్టి, తానూ చెడి ఇంటినీ చెరిచిన కథ అది. అందులో సాల్ గుడ్‌మన్ అని ఒక లాయరున్నాడు. రంగురంగుల కోట్లు, ఆగని నోరు, దొంగలకు అండ. చూసేవాళ్ళకు నవ్వు తెప్పించే మనిషి. అతను అంతకు ఆరేళ్ళ ముందు ఎవరు, ఇలా ఎలా తయారయ్యాడు అన్నదే ఈ రెండో సీరియల్. విన్స్ గిలిగన్, పీటర్ గూల్డ్ అనే ఇద్దరు కలిసి అల్లారు. అంటే కథ వచ్చాక పుట్టిన ముందుకథ అన్నమాట.

ముందుకథలో ఒక సుఖముంది. చివరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. మనకిది కొత్త కాదు. కర్ణుడు చచ్చిపోతాడని తెలియక ఎవరూ హరికథకు వెళ్ళి కూర్చోలేదు. 1977లో రామారావుగారు 'దాన వీర శూర కర్ణ' తీసి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ తనే వేస్తే, మా నాన్నగారి తరం అరుగుల మీద కూర్చుని దుర్యోధనుడి తరఫున వాదించిందట. యుద్ధంలో ఎవరు గెలిచారన్నదాని మీద కాదు వాదన, ఎవరికి ఎక్కడ మనసు విరిగిందన్నదాని మీద. మా శనివారాల తగాదా కూడా అలాంటిదే.

కథ మొదలు మన పక్క ఊళ్ళోనే. సాల్ అసలు పేరు జిమ్మీ మెక్‌గిల్. పుట్టి పెరిగింది సిసెరోలో, మన షికాగోకు పడమట ఆనుకుని ఉన్న ఊరు. తండ్రికి చిన్న కొట్టు. ఎవరు వచ్చి కష్టం చెప్పుకున్నా గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చే రకం. జిమ్మీ పిల్లవాడిగా ఉన్నప్పుడే ఆ పెట్టెలో చెయ్యి పెట్టడం నేర్చాడు. అన్నగారు చక్ చదువుల పుట్ట. న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీలో పెద్ద లా కంపెనీలో భాగస్వామి. తమ్ముడు జైలుకు పోబోతుంటే విడిపించి, తన వెంట తీసుకుపోయి, ఆఫీసులో ఉత్తరాలు పంచే పని ఇప్పించాడు. తమ్ముడు ఎవరికీ చెప్పకుండా దూరవిద్యలో చదివి లాయరు పట్టా తెచ్చుకుని, అన్నగారి ముందు పెట్టి నిలబడ్డాడు. అన్నగారు పైకి శభాష్ అన్నాడు. వెనకాల మాత్రం ఆ కంపెనీలో అతనికి చోటు దొరక్కుండా చేశాడు. తమ్ముడికి ఆ సంగతి ఏళ్ళ తర్వాత గాని తెలియదు.

ఈలోగా చక్‌కు ఒక వింత జబ్బు. కరెంటు తగిలితే ఒళ్ళు మండుతుందంటాడు. ఇంట్లో దీపం లేదు, ఫ్రిజ్ లేదు, ఫోను లేదు. లాంతరు వెలుగులో, మెరిసే రేకులాంటి దుప్పటి కప్పుకుని కూర్చుంటాడు. రోజూ ఐసు, సరుకులు, పత్రికలు మోసుకొచ్చేది ఆ తమ్ముడే.

ఇక మా పక్షాలు. కంప్యూటరు ఉద్యోగం చేసే మిత్రుడొకరు తమ్ముడి తరఫు వకాల్తా తీసుకున్నారు. అన్న ఒక్కసారి చెయ్యి అందించి ఉంటే జిమ్మీ సాల్ అయ్యేవాడే కాదని ఆయన వాదన. ఆయన శ్రీమతి ఒప్పుకోరు. తండ్రి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టినవాడు ఏ చెయ్యి అందించినా అదే పని చేస్తాడంటారు. మా ఆవిడ దృష్టంతా కిమ్ వెక్స్‌లర్ మీద. జిమ్మీని ప్రేమించిన లాయరమ్మాయి, బుద్ధిమంతురాలు. అలాంటి మనిషి హోవర్డ్ అనే పెద్దమనిషి పరువు తీసే పన్నాగంలో ఎందుకు దిగింది? అది అతని చావు దాకా పోయాక, ఆ పన్నాగం తనకు సరదాగా ఉందని కిమ్ తనే ఒప్పుకుని, జిమ్మీని వదిలి వెళ్ళిపోతుంది. ఆ 'సరదా' అన్న మాట దగ్గర మా ఆవిడ ఇప్పటికీ ఆగిపోతుంది.

అమ్మాయిని చూడడానికి ఇండియా నుంచి వచ్చిన ఒక పిన్నిగారు పులిహోర వడ్డిస్తూ కథంతా తెలుగులో చెప్పించుకున్నారు. విని, "అది కరెంటు జబ్బు కాదు నాయనా, కడుపుమంట" అన్నారు. నేను రెండు పేజీల్లో చెప్పబోయేది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

అయినా డాక్టర్ని గనక ఆ రెండు ముక్కలూ చెప్పనివ్వండి. ఈ జబ్బు పేరు చెప్పుకునేవాళ్ళు నిజంగానే ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో దీని మీద తేల్చిన మాట ఏమిటంటే, ఆ మనుషుల బాధ నిజమే, అది కొందరిని మంచాన పడేసేంత నిజం. కాని దానికి విద్యుత్ క్షేత్రాలు కారణమని చెప్పడానికి ఆధారం లేదు. యంత్రం ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చెప్పకుండా పరీక్ష చేస్తే వాళ్ళు కనిపెట్టలేకపోయారు. సీరియల్లో ఆస్పత్రి డాక్టరమ్మ సరిగ్గా అదే చేస్తుంది. చక్‌తో మాట్లాడుతూ, అతనికి తెలియకుండా కరెంటు మంచం స్విచ్చి వేస్తుంది. అతనికి ఏమీ కాదు. రోగికి చెప్పకుండా నేనైతే ఆ పని చెయ్యను, కాని ఆమె ఉద్దేశం అర్థమవుతుంది. మానసిక వైద్యానికి పంపుదామంటే తమ్ముడు ఒప్పుకోడు. అన్నను ఇంటికి తీసుకుపోతాడు.

తర్వాత ఎప్పుడో, అన్నదమ్ములకు పూర్తిగా చెడ్డాక, జిమ్మీ అదే పరీక్ష తనే చేస్తాడు. లాయర్ల సంఘం విచారణలో, అందరి ముందు. చక్ జేబులో ఒక మనిషి చేత ఫోను బ్యాటరీ పెట్టిస్తాడు. గంటా 43 నిమిషాలుగా అది నీ గుండె పక్కనే ఉందని చెబుతాడు. అంత గొప్ప లాయరూ అక్కడ అరిచి, వణికి, నవ్వులపాలవుతాడు. అదే పరీక్ష, అదే ఫలితం. డాక్టరమ్మ జబ్బు కనిపెట్టడానికి చేసింది, తమ్ముడు గెలవడానికి చేశాడు. ఈ భాగం చూసిన రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు. రోగి మాట అబద్ధమని రుజువు చేసి లోపల్లోపల సంతోషించిన రోజులు నాకూ ఉన్నాయి.

చక్ చివరికి ఇంట్లో లాంతరు తన్నేసి, ఆ మంటల్లో పోతాడు. జిమ్మీ ఏడవడు. ఏడవని తమ్ముణ్ణి చూపించడానికి వాళ్ళు ఎన్నో భాగాలు ఖర్చుపెట్టారు. ఆఖరి భాగంలో, ప్రభుత్వంతో బేరమాడి ఏడున్నరేళ్ళకు తెచ్చుకున్న శిక్షను కోర్టులో తన నోటితోనే పాడుచేసుకుని 86 ఏళ్ళు వేయించుకుంటాడు. అప్పుడు అడగనివాళ్ళకు కూడా చెబుతాడు, అన్నయ్య వృత్తి భీమా పోయేలా చేసింది తనేనని. అది నేరం కాదని పక్కనున్న లాయరు అంటే, నేరమేనంటాడు.

కాని మా తగాదా బాగా ముదిరింది వీటి దగ్గర కాదు. రెండో విడత చివరి భాగంలో, 2016లో వచ్చినదానిలో, ఒక చిన్న దృశ్యం ఉంది. ఆస్పత్రిలో తల్లి ఆఖరి ఘడియల్లో ఉంది. కొడుకులిద్దరూ పక్కన ఉన్నారు. జిమ్మీ ఆకలేస్తోందని, ఇద్దరికీ ఏదైనా తెస్తానని బయటికి వెళతాడు. చక్ కదలడు. ఒంటరిగా కూర్చుని ఏడుస్తాడు. అంతలో తల్లి కళ్ళు తెరిచి "జిమ్మీ" అంటుంది. చక్ నేనున్నానమ్మా అంటాడు. ఆమె మళ్ళీ "జిమ్మీ" అనే అంటుంది. ప్రాణం పోతుంది. తమ్ముడు తిండి పొట్లాలతో తిరిగొచ్చి, అమ్మ ఏమైనా అందా అని అడుగుతాడు. లేదంటాడు అన్న.

ఎందుకు లేదన్నాడు? కంప్యూటరు మిత్రుడు భగ్గుమన్నారు. "తల్లి చివరి మాట వాడి ఆస్తి. దాన్ని కాజేశాడు. గల్లాపెట్టెలో చెయ్యి పెట్టడం కంటే పెద్ద దొంగతనం" అన్నారు. ఆయన శ్రీమతికి కూడా ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. మా ఆవిడ మాత్రం, "తిండికి వెళ్ళి అమ్మ చివరి చూపు పోగొట్టుకున్నానని వాడు జన్మంతా కుమిలిపోతాడనేమో" అంది. అందరూ నవ్వారు. చక్‌కు జాలా! నన్నడిగారు. నాకు ఫోను వచ్చిందని లేచి వరండాలోకి వెళ్ళాను. ఫోను రాలేదు.

మా అమ్మ 2021 మే నెలలో తెనాలిలో పోయింది. కోవిడ్ కాదు, ఎప్పటినుంచో ఉన్న గుండె నీరసం. అప్పుడు నాది తాత్కాలిక వీసా. ఆ నెల 4 నుంచి ఇండియాలో ఉండి వచ్చేవాళ్ళలో మాబోటి వీసాలవాళ్ళకు ఈ దేశం తలుపు మూసింది. వెళితే ఎప్పుడు తిరిగొస్తానో తెలియదు. ఇక్కడ వార్డు, పసిపిల్ల. వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాను అని కూడా అంటుంటాను, వినేవాళ్ళను బట్టి. అన్నయ్యే అన్నీ చేశాడు. ఫోన్లో అడిగాను, అమ్మ ఏమైనా అందా అని. "ఏమీ అనలేదురా. నిద్రలోనే పోయింది" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండేళ్ళు బతికాను.

2023లో వెళ్ళినప్పుడు వదిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, నాకు తెలుసుననుకుని చెప్పేసింది. ఆఖరి రెండు రోజులూ అమ్మ నన్నే కలవరించిందట. అన్నయ్య కాళ్ళు పడుతూ కూర్చుంటే అతని చెయ్యి పట్టుకుని, "చిన్నోడా, వచ్చావా" అందట. అన్నయ్య "వచ్చానమ్మా" అన్నాడట. పదిహేనేళ్ళుగా అమ్మకు మందులు వేసిందీ, రాత్రిళ్ళు లేచిందీ ఆయన. నేను ఆదివారాలు ఫోన్లో మందుల మోతాదు చెప్పేవాణ్ణి.

అప్పుడు అన్నయ్యను ఏమీ అడగలేదు. ఏమని అడగను? నా మీద జాలితో దాచాడనుకుంటే ఒక బాధ, మనసు నొచ్చి దాచాడనుకుంటే ఇంకొకటి. మిత్రులు చక్ మీద విరుచుకుపడ్డ రోజున నేను ఇద్దరిలో ఎవరి తరఫునా మాట్లాడలేకపోయింది అందుకే.

మొన్న వేసవి సెలవులకు అన్నయ్యా వదినా వచ్చారు. పగలంతా మేం పనులకు పోతే అన్నయ్యకు తోచక ఈ సీరియల్ మొదలుపెట్టాడు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ. లెక్కల లెక్చరరు కనక అందులోని మోసాలన్నీ మహా ఇష్టంగా చూశాడు. మైక్ అనే ముసలాయనంటే వల్లమాలిన అభిమానం. లంచం పుచ్చుకోమని పోలీసు కొడుక్కి తనే నచ్చజెప్పి, అయినా వాణ్ణి దక్కించుకోలేక, మనవరాలి కోసం చెయ్యకూడని పనులన్నీ చేసే తాతగారు. "ఈయన మన ఊళ్ళో ఉండాల్సినవాడురా" అనేవాడు.

ఆ దృశ్యం వచ్చేసరికి రాత్రి పదకొండైంది. అన్నయ్యా నేనూ ఇద్దరమే ఉన్నాం. వస్తోందని నాకు తెలుసు. లేచి పోదామనుకున్నాను, పోలేదు. అయిపోయాక కాసేపు తెర వంకే చూస్తూ ఉన్నాడు.

"మావాళ్ళంతా వాడు తమ్ముడి మాట దొంగిలించాడంటారు" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"కూర్చున్నది వీడు. పిలిచింది వాణ్ణి" అన్నాడు అన్నయ్య. "అది నోటితో ఎలా చెబుతాడురా?"

కొంచెం ఆగి, "చెబితే మాత్రం వాడేం చేస్తాడు, ఏడవడం తప్ప" అన్నాడు.

నేనేదో అడగబోయాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ, "మజ్జిగ ఉంటే ఇంత తీసుకురా. వచ్చి తరవాతది పెట్టు. రేపు నీకు సెలవేగా" అన్నాడు.

మజ్జిగ తెచ్చి, తరవాతది పెట్టాను.