రాత్రి డ్యూటీ, అర్ధరాత్రి అన్నం

రాత్రి డ్యూటీలు చేసేవారికి మధుమేహం ముప్పు ఎక్కువని చెబితే, "నిద్ర చాలదు కదా" అని చాలామంది తేల్చివేస్తారు. నిద్రలేమి ఒక కారణమే. మనం అంతగా పట్టించుకోని మరో కారణం, అర్ధరాత్రి భోజనం.

మెదడులోని హైపోథాలమస్‌లో వెలుగును బట్టి నడిచే గడియారం ఒకటి ఉంది. కాలేయానికి, క్లోమానికి, కొవ్వు కణాలకు కూడా సొంత గడియారాలున్నాయి. పండ్ల ఈగలపై పరిశోధించి ఈ గడియారాల గుట్టు విప్పినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాలేయపు గడియారం మాత్రం వెలుగుకంటె భోజనవేళలనే ఎక్కువగా అనుసరిస్తుంది. రాత్రి రెండు గంటలకు అన్నం తింటే, మెదడు రాత్రి అంటుంది, కాలేయం పగలు అంటుంది. ఆ వేళ రక్తంలో ఉండే మెలటోనిన్ ఇన్సులిన్ విడుదలను తగ్గిస్తుంది కూడా. అందుకే ఉదయం తిన్న ఆహారాన్నే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర మరింత పెరుగుతుంది.

అమెరికాలో 19 మంది ఆరోగ్యవంతులపై జరిపిన ఒక ప్రయోగం 2021లో వెలువడింది. అందరినీ ప్రయోగశాలలో రాత్రి డ్యూటీ పరిస్థితుల్లో ఉంచారు. రాత్రి కూడా తిన్నవారిలో సగటు గ్లూకోజు 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. చిన్న ప్రయోగమే, కాని ఉపేక్షించదగినది కాదు. అక్కడి నర్సులను ఏళ్ల తరబడి పరిశీలించిన మరో అధ్యయనం, ఎన్ని ఎక్కువ సంవత్సరాలు మారే రాత్రి షిఫ్టులు చేస్తే మధుమేహం ముప్పు అంత పెరిగినట్లు చూపింది. అందులో కొంత భాగం బరువు పెరగడం వల్లనే.

గని కార్మికులు, బస్సు డ్రైవర్లు, మా నర్సులు నాతో అనే మాట ఒకటే: "అన్నం తగ్గించానండీ, అయినా షుగర్ దిగడం లేదు." ఎంత తింటున్నారని అడిగే వైద్యులం, ఎప్పుడు తింటున్నారని అరుదుగా అడుగుతాం.

రాత్రి పదింటికి డ్యూటీ అయితే, ఎనిమిదింటికల్లా ఇంట్లోనే భోజనం ముగించండి. నడుమ ఆకలైతే మజ్జిగ, గుప్పెడు వేయించిన సెనగలు, ఉడికించిన గుడ్డు చాలు. క్యాంటీన్ బజ్జీలు, గంటకొక తీపి టీ (నిద్ర ఆపుకోవడానికని తెలుసు, అయినా అందులో చక్కెర అక్కరలేదు) మానండి. తెల్లవారుజామున బిస్కట్లు తిని, ఏడింటికి "పరగడుపు" పరీక్షకు రక్తమిస్తే ఆ ఫలితానికి అర్థం ఉండదు. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. అది కుదరకపోతే గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష అడగండి. రక్తహీనత ఉంటే ఆ సంఖ్య తప్పుదారి పట్టించవచ్చు గనుక, ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పండి.

ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని వాడుతున్నవారు మాత్రం ఇది చదివి రాత్రి భోజనం తామంతట తాము మానవద్దు. డ్యూటీలో చక్కెర హఠాత్తుగా పడిపోతే, ముఖ్యంగా స్టీరింగ్ పట్టుకున్నవారికి, ప్రాణాపాయం. మీ షిఫ్టు వేళలను కాగితంపై రాసుకొని వైద్యునికి చూపించి, మందుల వేళలు మార్పించుకున్నాకే భోజనవేళలు మార్చండి.