ఆట మనది, సర్వరు ఎవరిది?

ఆఫీసులో వందల సర్వర్లని మేపే మనం, ఇంట్లో ఒక్కటి పెట్టుకుందామనేసరికి "ఎందుకొచ్చిన గోల, నెలకింత పారేస్తే వాడే చూసుకుంటాడు కదా" అంటాం. చాలా పనులకి ఆ మాట నిజమే. మెయిలు సర్వరు ఇంట్లో పెట్టుకోమని నా శత్రువుక్కూడా చెప్పను. కానీ నలుగురు కలిసి ఆడుకునే ఆట సంగతి వేరు. దానికి మాత్రం ఇంట్లో సర్వరు ఉండాల్సిందేనని నా వాదన. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు కొంచెం పాత కథ. 1993లో వచ్చిన డూమ్‌ని ఒకే లాన్ మీద నలుగురు ఆడుకోవచ్చు. 1996లో క్వేక్ వచ్చాక సర్వరు వేరు, క్లయింటు వేరు అన్న పద్ధతి అందరికీ అలవాటైంది. ఒక యంత్రం ఆటలోని లోకమంతా తన దగ్గర పెట్టుకుని లెక్కలు కడుతుంది. మిగతావాళ్ళ యంత్రాలు తాము ఏ మీట నొక్కాయో దానికి చెప్పి, అది చూపించింది చూస్తాయి. ముఖ్యమైన విషయమేంటంటే, ఆ సర్వరు ప్రోగ్రాము ఆటతోపాటే జనం చేతికొచ్చేసింది. మన ఇంజినీరింగు హాస్టళ్ళలో కౌంటర్‌స్ట్రైక్ 1.6 అన్నేళ్ళు వెలిగిందంటే కారణం అదే. ఎవడో ఒకడు తన గదిలో సర్వరు మొదలుపెట్టేవాడు, మిగతావాళ్ళు ఐపీ అడ్రసు కొట్టి దూరేవాళ్ళు. వాడికి కోపమొస్తే సర్వరు ఆపేసేవాడు, ఇంకో గదిలో ఇంకోటి లేచేది. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తర్వాత తర్వాత ఆటల కంపెనీలు ఆ తాళంచెవి తమ దగ్గరే ఉంచుకోవడం మొదలుపెట్టాయి. 2009లో మోడర్న్ వార్‌ఫేర్ 2 వచ్చినప్పుడు పీసీ మీద సొంత సర్వరు పెట్టుకునే వీలు తీసేస్తే ఆడేవాళ్ళు గగ్గోలు పెట్టారు. 2014 మే 31న గేమ్‌స్పై మూతపడితే దాన్ని నమ్ముకున్న ఎన్నో ఆటల ఆన్‌లైన్ భాగం దిక్కులేనిదైంది. ఇక 2024 మార్చి 31న ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకోవాలన్నా సర్వరు ఉండాల్సిందే కాబట్టి, డబ్బు పోసి కొన్న ఆట మొత్తం చచ్చిపోయింది. దాని మీద యూరపులో మొదలైన సంతకాల ఉద్యమం 2025 జులైలో పది లక్షలు దాటింది. అంతమంది అడిగింది ఒకటే: మీరు వదిలేస్తే వదిలేయండి, మమ్మల్ని నడుపుకోనివ్వండి. క్వేక్, కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఇప్పటికీ బతికున్నాయంటే జనం దగ్గర సర్వరు ఉండబట్టే కదా.

సరే, మా ఇంటి సంగతికొస్తాను. మా ఇంట్లో నడిచేది మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్. సర్వరు ప్రోగ్రాము ఉచితంగానే ఇస్తారు, ఆడే ప్రతి ఒక్కరికీ ఆట మాత్రం కొనాలి. యంత్రం ఏదో ఘనమైనది కాదు, నేను వాడి పక్కన పెట్టిన ఎనిమిది జీబీ ల్యాప్‌టాపు. స్క్రీను మూలన పగిలింది కాబట్టి ఎవరూ తీసుకోరు. దాని మీద డెబియన్ వేసి, మూత మూసినా నిద్రపోవద్దని సెట్టింగు మార్చి, టీవీ వెనక రూటరు పక్కన నిలబెట్టాను. పాత ల్యాప్‌టాపులో ఒక సుఖముంది, యూపీఎస్ దాంతోనే వస్తుంది. కరెంటు పోయినా ఆట లోకం సేవ్ చేసుకునేంత టైము బ్యాటరీ ఇస్తుంది. కాకపోతే ఎప్పుడూ చార్జింగులో ఉంటుంది కాబట్టి బ్యాటరీ ఉబ్బుతోందేమో చూసుకుంటూ ఉండాలి. 15 వాట్లు తింటుందనుకుంటే నెలకి 11 యూనిట్ల లోపే.

ర్యాము గురించి జనం తెగ బెంగపడతారు గానీ, నలుగురైదుగురికి 4 జీబీ ఇస్తే చాలు. అసలు చూసుకోవాల్సింది ప్రాసెసరు. మైన్‌క్రాఫ్ట్ సర్వరు సెకనుకి 20 సార్లు లోకమంతటినీ ఒక అడుగు ముందుకు నడుపుతుంది. అంటే ఒక్కో అడుగుకి 50 మిల్లీసెకన్లు. ఆ లెక్కలో ఎక్కువ భాగం ఒకే థ్రెడ్డు మీద నడుస్తుంది కాబట్టి, పదహారు కోర్లున్నా ఒక్క కోరు చురుగ్గా లేకపోతే ఉపయోగం లేదు. పిల్లలు కొత్త చోట్లకి పరిగెడుతుంటే కొత్త నేల పుట్టించడంలో దానికి ఊపిరాడదు. అందుకే లోకానికి ఒక పొలిమేర గీసి, లోపలి నేలంతా ఒక రాత్రి ముందే తయారు చేయించాను.

తలనొప్పంతా తలుపు దగ్గరొచ్చింది. ఐపీవీ4 అడ్రసుల మూలనిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకని చాలామంది ప్రొవైడర్లు కొన్ని పదుల ఇళ్ళని ఒకే అడ్రసు వెనక దాచేస్తారు. మీ రూటరులో కనిపించే బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరూ ఆ అపార్టుమెంటులోనే ఉన్నట్టు. అప్పుడు మీ రూటరులో పోర్టు ఫార్వార్డింగు ఎంత చేసినా దండగే, ఎందుకంటే వీధి గుమ్మం మీ చేతిలో లేదు. మా ప్రొవైడరు కస్టమర్ కేరు అబ్బాయి "సార్, గేముకి స్టాటిక్ ఐపీ ఎందుకు సార్, రీచార్జ్ ప్లాన్ మార్చుకోండి" అన్నాడు. పాపం అతని స్క్రిప్టులో ఈ ప్రశ్న లేదు.

దానికి మందు టెయిల్‌స్కేల్ లాంటివి. లోపల వాడేది వైర్‌గార్డ్, అది 2020లో లినక్సు కెర్నలులోకే వచ్చేసింది. రెండు ఇళ్ళూ లోపలినుంచి బయటికే తలుపు తీస్తాయి, మధ్యలో కలుసుకుంటాయి. కలవలేకపోతే ఒక మధ్యవర్తి సర్వరు కబురు మోస్తుంది. ఇందులో ఇంకో లాభముంది, లోకానికి ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు. 2021 డిసెంబరులో లాగ్4షెల్ బయటపడినప్పుడు గుర్తుందా? మైన్‌క్రాఫ్ట్ చాటులో ఒక్క లైను టైపు చేసి సర్వరులో తమకి కావాల్సిన కోడు నడిపించేశారు. ఆ వారాంతం మన ఆఫీసుల్లో ఎంతమందికి నిద్రుందో మీకూ తెలుసు. ఇంటి సర్వరు వీధిలోకి కనిపించకపోవడం మంచిదే. దాని మీద వైట్‌లిస్టు కూడా పెట్టాను. అందులో ఉన్నవి నాలుగే పేర్లు, నలుగురూ మా పిల్లలే. ఊరూ పేరూ తెలియనివాళ్ళు తిరిగే సర్వర్ల మీద పదేళ్ళ పిల్లని వదలడం కన్నా ఇది ఎంతో నయం.

ఆ నలుగురిలో మా అమ్మాయి, పక్క ఫ్లాటుకి మారిన మా చిన్నక్క కూతురు హైదరాబాదులో. మా పెద్దక్క కొడుకు విజయవాడలో. మా తమ్ముడి కొడుకు డల్లాసులో. ఇక్కడ శనివారం రాత్రి ఎనిమిదైతే వాడికి ఉదయం ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. హైదరాబాదుకీ డల్లాసుకీ సుమారు 14,000 కిలోమీటర్లు. గాజుతీగలో వెలుతురు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, తిన్నగా తీగ లాగినా పోయి రావడానికి 140 మిల్లీసెకన్లు. వంకర్లు తిరిగొచ్చేసరికి వాడికి 250 దాటుతుంది. కత్తియుద్ధంలో వాడు చెయ్యెత్తేలోపే మా అమ్మాయి పొడిచేసి పోతుంది. తమ్ముడు ఫోను చేసి "ఫ్రాంక్‌ఫర్టులో అద్దెకి తీసుకుందాంరా అన్నయ్యా, అందరికీ సమానంగా ఉంటుంది" అన్నాడు. మాటలో న్యాయముంది. కానీ పిల్లలు మాకన్నా ముందే తీర్పు చెప్పేసుకున్నారు: కొట్టుకోవడం మానేసి, కట్టుకోవడం మొదలుపెట్టారు. ఇటుక పేర్చడానికి 250 మిల్లీసెకన్లు అడ్డం కాదు.

వాళ్ళు కట్టింది మా ఊరి ఇల్లు. తెనాలి దగ్గర మా తాతల నాటి మండువా లోగిలి, 2019లో అమ్మేశాం. కొన్నవాళ్ళు పడగొట్టి మూడంతస్తులు లేపారు, వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం. ఫొటోలు కూడా పెద్దగా లేవు, ఉన్నవాటిలో మనుషులే తప్ప గోడలు కనపడవు. మా అమ్మ పిల్లల వెనక కుర్చీ వేసుక్కూర్చుని మేస్త్రీపని చేయించింది. "నుయ్యి అటు కాదురా, వంటింటి వైపు. మండువాలో నాలుగు మూలలా స్తంభాలు, వాన నడిమధ్యన పడాలి." డల్లాసువాడు హెడ్‌సెట్‌లోంచి "నాయనమ్మా, మండువా అంటే రూఫ్ లేని హాలా?" అని అడిగాడు. వీడియో కాలులో "నాయనమ్మకి హాయ్ చెప్పు" అంటే రెండు నిమిషాలు నిలబడని వాడు, గాబు అంటే ఏంటో, చూరు అంటే ఏంటో గంటసేపు అడిగి తెలుసుకున్నాడు. ఆటలో వానొచ్చిన రోజు మండువాలో నడిమధ్యనే పడింది. మా అమ్మ ఏమీ అనలేదు, కాసేపు చూసి లేచి వెళ్ళింది.

ఇప్పుడు ఆ ఇల్లు ఈ భూమ్మీద ఎక్కడుందంటే, ఒక ఫోల్డరులో ఉంది. అద్దె సర్వరులో ఉంటే, నా కార్డు గడువు ముగిసిన నెలో, వాడు వ్యాపారం కట్టేసిన నెలో అది రెండోసారి కూలుతుంది. అందుకే తమ్ముడికి కాదని చెప్పాను. రోజూ తెల్లవారుజామున మూడింటికి ఒక స్క్రిప్టు సేవ్ ఆపి, ఫోల్డరు మూటగట్టి, మళ్ళీ సేవ్ మొదలుపెడుతుంది. ఒక కాపీ ఇంట్లో హార్డుడిస్కులోకి, ఒకటి డల్లాసుకి. మా ఇంట్లో ల్యాప్‌టాపు పేలిపోయినా వాడి గదిలో అది లేచి నిలబడుతుంది. ఇదే హాస్టలు న్యాయం: ఒక గదిలో ఆగితే ఇంకో గదిలో లేవాలి.

మైన్‌క్రాఫ్ట్ మాత్రం పూర్తిగా మన చేతిలో ఉందా అని అడుగుతారేమో. లేదు. లాగిన్ తనిఖీ ఇప్పటికీ మైక్రోసాఫ్టు దగ్గరే. కానీ వాళ్ళు ఎప్పుడైనా చేతులెత్తేస్తే ఆ తనిఖీ ఆపే మీట సర్వరు సెట్టింగుల్లోనే ఉంది. మిగిలినదంతా మన డిస్కు మీద ఉంది. ఆ ఒక్క తేడా చాలు నాకు.

మీ పిల్లలు ఏదైనా ఆట కొనమని అడిగితే గ్రాఫిక్సు, రేటింగు చూసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీని సర్వరు మనం నడుపుకోవచ్చా? నడుపుకోవచ్చంటే అటక మీదున్న పాత ల్యాప్‌టాపు కిందకి దించండి. ఒక ఆదివారం పని. రెండో ఆదివారం బ్యాకప్ వెనక్కి తెచ్చి చూసుకోవడానికి. ఆ రెండోది మాత్రం మానకండి.