చుక్కల లెక్క

మా అమ్మ దగ్గర ఒక పాత ముగ్గుల పుస్తకం ఉన్నది. అందులో ప్రతి ముగ్గు కిందా "15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క" అంటూ లెక్క రాసి ఉంటుంది. "లెక్క లేని ముగ్గు చూసి మురవటానికే గాని, వెయ్యటానికి పనికిరాదు," అంటుంది అమ్మ. ఆ మాట విలువ నాకు ఆలస్యంగా తెలిసింది.

ఫెర్న్ ఆకును మీరు చూసే ఉంటారు. దాన్నుంచి ఒక చిన్న రెమ్మను తుంచితే, అదీ పెద్ద ఆకులాగే ఉంటుంది. ఇలా ముక్కలో మొత్తం కనిపించే ఆకారాలను ఫ్రాక్టల్స్ అంటారు. కంప్యూటరు చేత ఇటువంటి బొమ్మలు గీయించవచ్చు. 1992లో స్కాట్ డ్రేవ్స్ అనే ఆయన, జ్వాలల్లాగా మెరిసే ఫ్రాక్టల్ బొమ్మలు గీసే పద్ధతి కనిపెట్టాడు. దాని ఆధారంతో మార్క్ టౌన్సెండ్ అనే ఆయన "అపోఫిసిస్" అనే ప్రోగ్రాము తయారుచేశాడు. అందులో స్క్రిప్టు రాసి, అంటే ఆజ్ఞలు వరసగా రాసి ఇచ్చి, బొమ్మ గీయించవచ్చు.

నాకు ఫెర్న్ ఆకు గీయించాలని పట్టుదల పుట్టింది. కాని స్క్రిప్టు రాయటం మొదటినుంచి నేర్పే పుస్తకం నాకు దొరకలేదు. ఒక స్నేహితుడి దగ్గర రెండు స్క్రిప్టులు, మరొకరి పాత సీడీలో నాలుగు, ఇంకొకరి నోటుబుక్కులో సగం పేజీ - ఇలా ఏరుకున్నాను. ఏది ఎందుకో ఎవరూ రాయలేదు. ఒకటి అసలు నడవనే లేదు. అది అడిగే అదనపు భాగం నా కంప్యూటరులో లేదు. చివరకు ఆ ఆజ్ఞల భాష పాస్కల్ భాషకు దగ్గర చుట్టమని తెలిసి, మా బాబాయి చదివిన పాత పాస్కల్ పుస్తకం అటక మీదినుంచి దించాను. రెండు నెలలకు తెర మీద ఆకు మొలిచింది! ఆ సంబరంలో నేనూ ఒక్క ముక్క రాసి ఉంచలేదు.

రెండేళ్ళు గడిచాయి. మా అక్క కూతురు చిట్టి తన బడిలో సైన్సు ప్రదర్శనకు ఆ ఆకు కావాలన్నది. స్క్రిప్టు తెరిచాను. అందులో 0.85 అనే అంకె రెండు చోట్ల ఉన్నది. ఎందుకో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు! చిట్టి బొమ్మ మాత్రం పట్టుకుపోయింది. "ఇది ఎలా గీశావమ్మా?" అని అడిగితే తల వంచుకుని నిలబడిందట.

"మామయ్యా, నీకూ తెలీదా?" అన్నది ఇంటికి వచ్చి.

నాకు చెప్పలేనంత సిగ్గు వేసింది. అమ్మ నవ్వి, "చుక్కల లెక్క రాసుకోలేదట్రా?" అన్నది.

ఆ రాత్రే చిట్టీ నేనూ మళ్ళీ మొదలుపెట్టాం. ఆ ఆకుకు 4 సూత్రాలు. మైకేల్ బార్న్‌స్లీ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1988లో ప్రకటించిన పుస్తకంలో వాటిని ఇచ్చాడు. కంప్యూటరు ఒక చుక్క పెట్టి, చీటీ తీసినట్టు ఒక సూత్రం ఎన్నుకుని, అది చెప్పిన చోట తరవాతి చుక్క పెడుతుంది. నూటికి సుమారు 1 సారి కాడ సూత్రం వస్తుంది. 7 సార్లు ఎడమ రెమ్మది, 7 సార్లు కుడి రెమ్మది, 85 సార్లు పైకి సాగే ఆకుది. ఒక 0.85 ఆ వంతు. రెండో 0.85, ఆకు పైకి పోయినకొద్దీ ఎంత చిన్నదవుతుందో చెప్పే కొలత. అంకె ఒకటే, పని వేరు!

ఇప్పుడు మా ఇంట్లో ఇంకో పుస్తకం ఉన్నది. ప్రతి స్క్రిప్టూ ఏం చేస్తుంది, ఎవరి దగ్గర దొరికింది, దేనిలో నడుస్తుంది, ఏ అంకె ఎందుకు - అన్నీ రాస్తున్నాం. మొదటి పేజీ చిట్టే రాసింది. పైన దాని పేరు, "చుక్కల లెక్క".