అడవి బరువు తూచేదెలా?

మన బరువు చూడడానికి తూనిక యంత్రమున్నది. చెట్టును నరకకుండా దాని బరువు తెలిసేదెలా? నేల నుండి 1.3 మీటర్ల ఎత్తున, అంటే సుమారు ఛాతీ ఎత్తున, కాండం చుట్టూ టేపు చుట్టి కొలుస్తారు. ఆ కొలతకు చెట్టు ఎత్తును, కలప సాంద్రతను జోడించి లెక్కగడతారు. ఎండు బరువులో దాదాపు సగం కర్బనమే. మొదలు వద్ద ఉబ్బిన చెట్లను ఉబ్బుకు పైన కొలవాలి. లేకుంటే లేని బరువు లెక్కకెక్కుతుంది.

తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్ల మేర 1988 నుండి చెట్లను కొలుస్తూ వస్తున్నారు. ఇన్నేళ్ళు ఎందుకంటారా? పసిబిడ్డను ఒక్కసారి తూచితే ఎదుగుదల తెలియదు, నెలనెలా తూచాలి. అడవికీ అంతే. అదే చెట్టును అదే చోట మళ్ళీ మళ్ళీ కొలిస్తేనే, అడవి కర్బనాన్ని దాచుకుంటున్నదో, కోల్పోతున్నదో తెలుస్తుంది. ఉపగ్రహాల అంచనాలను సరిచూసుకోవడానికీ ఈ టేపు కొలతలే ఆధారం. బొద్దుగా ఉన్న బిడ్డ ఆరోగ్యవంతుడేనని భ్రమపడకూడదు. పచ్చగా ఉన్న అడవి విషయంలోనూ ఆ భ్రమ తగదు.