గాలం వేయాలంటే రెండొందల కిలోమీటర్లు!

శనివారం మధ్యాహ్నం దాటిందంటే ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర వరంగల్ వైపు వెళ్లే బండ్ల రద్దీ పెరిగిపోతుంది. యాదగిరిగుట్ట దర్శనానికి వెళ్లేవాళ్లు, ఊళ్లో పొలం చూసుకుని రావడానికి వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లు... వాళ్ల మధ్య అప్పుడప్పుడూ మరో రకం ప్రయాణికులు కనిపిస్తారు. వెనక సీట్లో రెండు బ్యాగులు, ఒక ఐసు డబ్బా, కిటికీలోంచి బయటికి తొంగిచూసే గాలపు కర్ర. ఎక్కడికని అడిగితే ‘అట్లా నీళ్ల దగ్గరికి’ అంటారు.

ఈ చుట్టుపక్కల నీళ్లే లేవా? లేకేం! ఉప్పల్‌లో నల్లచెరువు ఉంది. నాచారంలో పెద్దచెరువు ఉంది. ఘట్‌కేసర్ నుంచి మూసీ దిక్కుగా వెళ్తే కనుచూపు మేర పరుచుకున్న ఏదులాబాద్ చెరువు ఉంది. కానీ వీటి గట్టున గాలం పట్టుకుని కూర్చునేవాళ్లు తక్కువ. పడిన చేపను ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకునేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే సరదాకు చేపలు పట్టాలన్నా నగరం తూర్పు కొసన ఉన్నవాళ్లు ఊరు దాటి, జిల్లాలు దాటి వెళ్లాల్సి వస్తోంది.

ఘట్‌కేసర్‌లో ఉండే నలభై ఎనిమిదేళ్ల టర్నర్‌కు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడాయన. అంతకుముందు పదిహేనేళ్ల వయసు దాకా ఏదులాబాద్ చెరువులో నాయన వెంట తెప్ప ఎక్కినవాడు. వలకు బెండ్లు కట్టడం, తెల్లవారకముందే వల తీయడం, తట్ట నెత్తిన పెట్టుకుని ఘట్‌కేసర్ దాకా నడిచిపోవడం... అన్నీ తెలిసినవాడు. ఇంజినీరింగ్ చదివే కొడుకు 2025 సంక్రాంతి వెళ్లాక ఒకరోజు ఫోను ముందు పెట్టి, “డాడీ, లక్నవరంలో కయాక్ ఉందంట. దీవి మీదనే రాత్రి ఉండొచ్చంట. పోదామా?” అని అడిగాడు.

ఫొటోలో సన్నగా, పొడుగ్గా, ఎర్రరంగులో ఉన్న ప్లాస్టిక్ పడవ. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. ఆయన కాసేపు చూసి, “ఇది తెప్పే గదరా!” అన్నాడు.

తెప్పకు దూరపు చుట్టం

ఆ మాటలో పొరపాటేమీ లేదు. కయాక్ పుట్టింది ఆటకు కాదు, వేటకు. ఉత్తర ధ్రువం చుట్టుపక్కల మంచు సముద్రాల్లో బతికే ఇన్యూట్ ప్రజలు కర్ర చట్రానికో, ఎముకల చట్రానికో సీల్ తోలు బిగించి దాన్ని తయారుచేసుకున్నారు. చప్పుడు లేకుండా వేట దగ్గరికి చేరడమే దాని ప్రయోజనం. పేరు కూడా వాళ్ల భాషలోదే. తోలు పోయి ప్లాస్టిక్ వచ్చాక అది వినోదమైంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఇప్పుడు గాలం పెట్టుకునే గొట్టాలు, పట్టిన చేపలు వేసుకునే అర ఉన్న కయాక్‌లు ప్రత్యేకంగా దొరుకుతాయి. ఇంజిను లేదు కాబట్టి చేప బెదరదు. అడుగు పలచన కాబట్టి జానెడు నీళ్లున్నా సాగుతుంది. ఒడ్డు నుంచి గాలం అందని చోటికి, పెద్ద పడవ దూరలేని చోటికి వెళ్లొచ్చు.

మన చెరువుల్లో ఈ పనులన్నీ తెప్ప చేస్తోంది. ఒకప్పుడు కర్ర దుంగలు, ఎండు సొరకాయ బుర్రలు. తర్వాత లారీ ట్యూబు. ఇప్పుడు గోనెసంచిలోనో, పట్టాలోనో చుట్టి తాళ్లతో బిగించిన థర్మకోల్ దిమ్మె. దాని మీద మఠం వేసుకుని కూర్చుని, చేతులకు రెండు పలక ముక్కలు తీసుకుని నీళ్లను వెనక్కి తోస్తూ పోతుంటారు మత్స్యకారులు. కృష్ణా తీరంలోనైతే గుండ్రటి పుట్టి. పనిముట్టు మారుతుంది కానీ పద్ధతి ఒక్కటే.

కొండల నడుమ నీళ్లు

ఘట్‌కేసర్ మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారే భువనగిరి, జనగామ, వరంగల్ దాటి ములుగు అడవుల్లోకి వెళ్తుంది. ఇంటి ముందు రోడ్డు ఎక్కితే చాలు, దాదాపు రెండొందల కిలోమీటర్లు పోయాక పక్కకు తిరగడమే. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో లక్నవరం చెరువు వస్తుంది. మధ్యలో రామప్ప గుడికి దారి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది.

లక్నవరం కాకతీయుల నాటి చెరువు. 13వ శతాబ్దంలో గణపతిదేవుడి కాలంలో తవ్వించారని చెబుతారు. నిజానికి తవ్వింది తక్కువ. చుట్టూ ఉన్న కొండలే గోడలు. వాటి మధ్య సందును కట్టతో మూశారు, అంతే! అడవిలో కురిసిన వాన అక్కడికి చేరింది. మునగని గుట్టలు దీవులయ్యాయి. ఇవి పదమూడు. కొన్నింటిని కలుపుతూ వేలాడే వంతెనలు వేశారు. మూడో దీవిలో వసతి 2024లో మొదలైంది. ఇన్ని హంగులొచ్చినా చెరువు అసలు పని మాత్రం మానలేదు. కింద వేల ఎకరాల వరికి ఇప్పటికీ అదే ఆధారం. వేసవిలో నీటిమట్టం తగ్గిందంటే ఆ నీళ్లు పొలాలకు పోయాయనే అర్థం.

తండ్రీకొడుకులు చేరేసరికి పొద్దు గూకుతోంది. వంతెన మీద ఫొటోలు దిగేవాళ్ల సందడి. వాళ్లంతా నీళ్ల మధ్యకు చూస్తుంటే ఆయన చూపు ఒడ్డున బోర్లించిన తెప్పల మీద ఉంది. వల సర్దుకుంటున్న ఒకాయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. చెరువులో చేపల మీద హక్కు మత్స్యకార సహకార సంఘానిది. టికెట్ కొన్నంత మాత్రాన పర్యాటకుడికి రాదు. ఈ లెక్క ఆయనకు తెలుసు.

“అన్నా, పొద్దున పోరడు గాలం ఏస్తా అంటుండు. ఏయొచ్చునా?”

“ఏ ఊరే మీది?”

“ఘట్‌కేసర్ దిక్కు. ఏదులాబాద్.”

“చెర్ల పనోళ్లేనా?”

“ఒకప్పుడు.”

ఆ ఒక్క మాటతో ఎదుటాయన మొహం మారింది. “అయితే ఏసుకోండ్రి. వల దిక్కు రాకుండ్రి. పెద్దది వడితే సంఘానిది, చిన్నది వడితే మీది” అని నవ్వాడు.

పుక్కిట పట్టిన నీళ్లు

మర్నాడు మంచు ఇంకా విడవలేదు. లైఫ్ జాకెట్ తొడుక్కుని కయాక్ ఎక్కిన కొడుకు రెండుసార్లు గుండ్రంగా తిరిగి ఒడ్డుకే వచ్చాడు. వీడియోల్లో చూసినంత సులువు కాదు. ఒకవైపు బలంగా తోస్తే ముక్కు రెండోవైపు తిరుగుతుంది. భయపడి అంచులు పట్టుకుంటే మరింత ఊగుతుంది. తండ్రి రెండో కయాక్‌లో కూర్చోగానే వెన్ను నిటారుగా నిలిచింది. ముప్ఫై మూడేళ్లకు నీళ్ల మీద కూర్చున్నా నడుము మరిచిపోలేదు. “చేతులతోని కాదురా, పొట్టతోని తొయ్యి” అన్నాడు. మూడోసారి కొడుకు పడవ తిన్నగా సాగింది.

గంటన్నరలో పడినవి రెండు జెల్లలు, ఒక బొచ్చె పిల్ల. బొచ్చె పిల్లను వదిలేశారు. కొర్రమీను పడితే బాగుండునని కొడుకు ఆశ. తెలంగాణ రాష్ట్ర చేప కదా! “అది గాలానికి పడాల్నంటే గడ్డి పక్కకు పోవాలె, ఓపిక ఉండాలె, నీ లెక్క మాట్లాడొద్దు” అన్నాడు తండ్రి.

పక్కనే తెప్ప మీద వల తీస్తున్న మనిషి ఒక పని చేశాడు. అలవాటుగా, ఏ ఆలోచనా లేకుండా దోసిట్లో చెరువు నీళ్లు తీసుకుని నోరు పుక్కిలించి ఊశాడు. ఇంకో దోసిలి మొహాన కొట్టుకున్నాడు. ఆయన తెడ్డు ఆపి అటే చూస్తుండిపోయాడు. తన నాయన కూడా అట్లాగే చేసేవాడు. ఏదులాబాద్ చెరువులో.

దాని గురించి ఆయన కొడుక్కు ఎప్పుడూ పెద్దగా చెప్పింది లేదు. ఆ పూట చెప్పాడు. ఏదులాబాద్ చెరువుకు నీళ్లు వచ్చేది మూసీ నుంచి, కాలువ ద్వారా. నగరం చిన్నగా ఉన్నన్నాళ్లు అది వరం. నగరం పెరిగి, ఇళ్ల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు మూసీలో కలిశాక ఆ కాలువే శాపమైంది. మొదట నీళ్ల మీద నురగ కనిపించింది. తర్వాత గుర్రపుడెక్క అల్లుకుంది. వల వేస్తే చేపల కంటే ఆ మొక్కలే ఎక్కువ వచ్చేవి. నీళ్లలో దిగినవాళ్లకు కాళ్లు దురదలు. చెరువు నీటిలో భార లోహాలున్నట్టు పరిశోధకులు గుర్తించారు కానీ, అంతకుముందే ఘట్‌కేసర్ అంగడిలో కొనేవాళ్లు ఆ పరీక్ష చేసేశారు. తట్ట దించగానే అడిగే మొదటి ప్రశ్న, “ఏ చెరువువి?” ఏదులాబాద్ అంటే ముందుకు పోయేవారు. చేపలున్నాయి, కొనేవాళ్లు లేరు. అబద్ధం చెప్పి అమ్మడం నాయనకు చేతకాలేదు. 1990ల మొదట్లో ఒక వానాకాలం తర్వాత తెప్ప ఒడ్డుకు లాగి, కొడుకును ఐటీఐలో చేర్పించాడు.

“అంటే మనం పనిచేసే దిక్కు నుంచి వచ్చిన నీళ్లే మన చెరువును చెడగొట్టినయా?” అని అడిగాడు కొడుకు. ఆయన జవాబు చెప్పలేదు. కూలి ఇచ్చిందీ ఆ పరిశ్రమలే, పాత బతుకును తీసుకుపోయిందీ ఆ నగరమే. ఉప్పల్, నాచారం, ఘట్‌కేసర్‌లలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

లక్నవరం శుభ్రంగా ఉండటానికి కారణం అద్భుతమేమీ కాదు. దాని ఎగువన నగరం లేదు, అడవి ఉంది. ఆ నీళ్ల మీద బతికే రైతులు, మత్స్యకారులు రోజూ కళ్ల ముందు ఉన్నారు. అయితే దీవుల్లో గదులు పెరిగే కొద్దీ నగరం తన అలవాట్లను కూడా మోసుకెళ్తుంది. నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, గదుల నుంచి వచ్చే మురుగు... రెండు రోజుల సరదా కోసం వెళ్లినవాళ్లు వీటిని గుర్తుపెట్టుకోవాలి.

వానలు వెలిసిన తర్వాత, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇలాంటి విహారానికి అనువైన కాలం. చెరువు నిండుగా ఉంటుంది, ఎండ బాధించదు. జూన్ నుంచి ఆగస్టు దాకా బొచ్చె, రవ్వ లాంటివి గుడ్లు పెట్టే కాలం కాబట్టి అప్పుడు గాలం పక్కన పెట్టడం మేలు. ఏ చెరువులోనైనా గాలం వేసేముందు స్థానిక మత్స్యకారులను అడగాలి. 2016 నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలిందీ వాళ్ల బతుకు కోసమే. తెగిన నైలాన్ దారాన్ని నీళ్లలో వదిలేస్తే కొంగల కాళ్లకు, నీటికాకుల రెక్కలకు చుట్టుకుంటుంది. చుట్టచుట్టి జేబులో వేసుకు రావాలి. ఈత వచ్చినా లైఫ్ జాకెట్ తీయకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. గాలి లేచిందంటే వెంటనే ఒడ్డుకు తిరగాలి. తెప్ప మీద పుట్టి పెరిగినవాళ్లు కూడా గాలిని చూసి భయపడతారు.

తాత లెక్క

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో ఘట్‌కేసర్‌లో ఇంటికి పోకుండా ఇద్దరూ నేరుగా ఏదులాబాద్ వెళ్లారు. ఐసు డబ్బాలో రెండు జెల్లలు, వల మనిషి దగ్గర కొన్న కిలోన్నర రవ్వ. తాత చేపను చేతిలోకి తీసుకుని మొప్పలు ఎత్తి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మంచి నీళ్లల్లది” అన్నాడు. మనవడు ఫోనులో కయాక్ ఫొటోలు చూపించి, దానికి గంటకు ఎంత ఇచ్చారో చెప్పాడు.

తాత చాలాసేపు నవ్వాడు. “తెప్ప ఎక్కనీకి పైసలిచ్చిండ్రా మీరు!”

అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్ల మురుగును శుద్ధి చేసే కేంద్రాలు మూసీ ఒడ్డున కట్టారనీ, నదిని బాగుచేస్తామని ప్రభుత్వాలు చెబుతున్నాయనీ మనవడు వివరించాడు. తాత అన్నీ విని, తనకు తెలిసిన లెక్కలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

“నోట్లె పోసుకునేటట్టు అయితయారా?”

మనవడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. లోపల కోడలు చేపలు తోమడానికి బూడిద అడుగుతోంది.