వెదురు విల్లూ, గాజు పెంకూ

మా చల్లపల్లిలో పెద్దవాళ్ళని కదిపితే దసరా విల్లంబుల ముచ్చట్లు మొదలవుతాయి. అయ్యవారి వెంట బడిపిల్లలు, రంగు కాగితాలు, పప్పుబెల్లాలు. ఆ విల్లు సరిగ్గా వంగిందా లేదా అని ఎవరూ అడగరు లెండి. నేను చెప్పేది బాణం వేసే విల్లు సంగతి.

ముదిరి ఆరిన వెదురు బద్ద తీసుకోండి. తొక్క వైపు గురికేసి ఉండాలి, సాగే పని దానిది. దాన్ని ముట్టుకోవద్దు. గీకుడంతా లోపలి వైపే. మొదట్లో కత్తి, ఆఖర్న పగిలిన గాజు పెంకు. పొడి దుమ్ములా రాలుతుంటే మీ చెయ్యి కుదిరినట్టే.

రెండు సగాలూ ఒకే మందం ఉంటే చాలనుకుంటారు చాలామంది. వెదురు ఆ మాట వినదు. గోడ మేకుకి పిడి తగిలించి, అల్లెతాడు కొద్దికొద్దిగా కిందికి లాగుతూ దూరంనుంచి చూడాలి. ఒకచోట మడత పడ్డట్టు వంగిందా, అక్కడ చెయ్యి పెట్టకండి. దానికి అటూ ఇటూ బిర్రబిగుసుకున్నచోట గీకండి. గీకాక ఓ ఇరవై ముప్పైసార్లు లాగి వదిలితేగానీ తేడా బయటపడదు. తొందరపడేవాళ్ళ విళ్ళు పొయ్యిలోకే. గీకినకొద్దీ బలం తగ్గుతుంది కనక 40 పౌన్ల విల్లు కావాలంటే ఇంకా గట్టిదానితోనే మొదలెట్టాలి.

ఇంకో తిరకాసుంది. బాణం పిడికిలి పైనుంచి పోతుంది, లాగే వేళ్ళూ నట్టనడుమ ఉండవు. అందుకే కింది సగాన్ని కాస్త గట్టిగా ఉంచుతారు. ఎక్కుపెట్టాక బద్దకీ అల్లెకీ మధ్య ఎడం కొలిస్తే, పైన 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి. వెదురు మొదలు వైపు కిందికి పెట్టుకుంటే సగం పని అదే చేసిపెడుతుంది.

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది చక్రాల విల్లు (కాంపౌండ్)తో. అక్కడ గాజు పెంకుతో పనిలేదు, మరలు తిప్పితే సరి. అయినా పైదీ కిందిదీ కలిసి పనిచేయాలన్న గొడవ దానికీ తప్పదు.

అన్నట్టు, విల్లు తయారైన ఉత్సాహంలో బాణం పెట్టకుండా అల్లె లాగి వదలకండి. బాణానికి పోవాల్సిన ఊపంతా బద్ద మీదే పడుతుంది.