నడక మీద వేసిన నింద

ఢిల్లీకి బదిలీ అయినదనగానే బంధుమిత్రులు ఇచ్చే సలహాలన్నీ చలిని గురించే ఉంటాయి. స్వెట్టర్లు కొనుక్కోండి, రజాయిలు కొనుక్కోండి అన్నవారే గాని, తడి తువ్వాలును గురించి హెచ్చరించినవారు మాకు ఒక్కరూ తారసపడలేదు. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం నుండి వచ్చి కటవారియా సరాయ్‌లో రెండు గదుల వాటాను అద్దెకు తీసుకొన్నప్పుడు, ఆ తువ్వాలే మమ్ములను ఇంతగా ఇబ్బంది పెట్టగలదని మేమూ ఊహించలేదు.

మేమనగా మేమిద్దరము, దంపతులము. ఏ బాధ ఎవరికి వచ్చినదో కొన్నిచోట్ల చెప్పము. చర్మవ్యాధి విషయంలో ఆ మాత్రం గోప్యతను పాఠక మిత్రులు మన్నించగలరు. మాతోపాటు గేట్ పరీక్షకు చదువుకొనేందుకు వచ్చిన మేనల్లుడొకడు ముందు గదిలో ఉండేవాడు.

కటవారియా సరాయ్ ఒకప్పటి పల్లె. నగరం నలువైపులా పెరిగి దానిని తనలో కలుపుకొన్నది. కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలోని కార్యాలయాలకు నడిచి పోవచ్చును. ఐ.ఐ.టి., జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం రెండూ దగ్గరే. పక్కనున్న బేర్ సరాయ్, జియా సరాయ్‌ల వలెనే ఇక్కడ కూడ పోటీ పరీక్షలకు చదివే పిల్లల అద్దె గదులు అంతస్తుల మీద అంతస్తులుగా లేచినవి. సందులో నిలబడితే తెలుగు మాట వినబడని సాయంత్రం ఉండదు. ఎదురెదురు బాల్కనీల వారు చేయి చాచి పంచదార అప్పు ఇచ్చుకొనవచ్చును. అన్ని సౌకర్యాలూ ఉన్నవి గాని, ఇంటిలోనికి ఎండ మాత్రం రాదు. ఈ ఎండ సంగతిని పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి.

సంస్థవారి వార్షిక వైద్య పరీక్షలో మాలో ఒకరి రక్తంలో మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బిఎ1సి 6.3 అని తేలినది. 5.7 నుండి 6.4 వరకు మధుమేహపు గుమ్మంలో నిలబడినట్లని, 6.5 చేరితే లోపలికి అడుగు పెట్టినట్లని వైద్యులు చెప్పినారు. ఆ మే నెలలోనే ఇద్దరమూ సంజయ్ వనంలో నడక మొదలుపెట్టినాము. మెహ్రౌలీ వైపు సాగే ఆ అడవి మన సర్కారు తుమ్మ చెట్లతో నిండి ఉంటుంది. లోపల పాతకాలపు కోటగోడల శిథిలాలు, దారికి అడ్డంగా పరుగెత్తే నెమళ్లు. తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరి ఏడు గంటలకు ఇల్లు చేరేవారము. కొన్నాళ్లకు నడక కొంత పరుగుగా కూడ మారినది. తొడలు ఒరుసుకొని మండితే వాసెలిన్, మెడ మీద చెమటకాయలు లేస్తే చన్నీటి స్నానం, వదులైన నూలు బట్టలు. మే, జూన్ నెలలు అంతటితో గడిచిపోయినవి.

జూలైలో వానలు వచ్చినవి. చెమట పట్టినంత మాత్రాన శరీరం చల్లబడదు. అది ఆవిరైనప్పుడే చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరక బట్టకు అంటుకొని అక్కడే ఉండిపోతుంది. మేము ఇంటికి వచ్చి ఆ తడి బట్టలతోనే కూర్చొని, టీ త్రాగి, దినపత్రిక ఆసాంతం చదివి, ఎనిమిది గంటలకు స్నానానికి లేచేవారము. వ్యాయామం చేసిన గర్వంలో ఆ తడి కూడ ఒక పతకం వలె అనిపించేదని ఇప్పుడు ఒప్పుకొంటున్నాము. స్నానాల గది తలుపు వెనుక ఒకే పెద్ద తువ్వాలు వ్రేలాడేది. ముగ్గురమూ దానితోనే తుడుచుకొనేవారము. నిన్నటి తడి ఆరకముందే నేటి తడి చేరేది.

ఆగస్టులో మాలో ఒకరికి నడుము దగ్గర, సాగే పట్టీ బిగిసేచోట, రూపాయి బిళ్ళంత ఎర్రని వలయం కనిపించినది. అంచు ఉబ్బి, నడుమ తేటగా ఉండి, రాత్రివేళ విపరీతమైన దురద. మన ఊళ్లలో దానిని తామర అంటారు. పేరు తెలిసిన జబ్బు కదా అని వైద్యుని వద్దకు పోలేదు. మందుల దుకాణంలో చెప్పగా, చీటీ అడగకుండానే ఒక ట్యూబు చేతిలో పెట్టినారు. నాలుగు రోజులలో దురద మాయమై, ఎరుపు తగ్గినది. మానివేసిన వారానికి వలయం అరచేయి అంత వెడల్పుతో తిరిగి వచ్చినది. మళ్లీ ట్యూబు, మళ్లీ నాలుగు రోజుల సుఖం. సెప్టెంబరు నాటికి గజ్జలకు, తొడలకు ప్రాకినది. నడిచినందువల్లనే చెమట, చెమటవల్లనే తామర అని తీర్మానించుకొని నడక మానివేసినాము. తువ్వాలు మాత్రం తలుపు వెనుకనే ఉన్నది.

నవంబరులో మేనల్లుడు, "అత్తయ్యా, నాకు వేరే సబ్బు తెప్పించండి, ఘాటుగా ఉండేది" అన్నాడు. ఎందుకని అడిగితే తల దించుకొన్నాడు. చివరికి మామయ్యను గదిలోనికి పిలిచి చొక్కా ఎత్తి చూపినాడు. వీపు మీద మూడు వలయాలు. రెండు నెలలుగా దాచినాడట. రాత్రులు నిద్ర లేదు, పుస్తకం ముందు కూర్చొంటే చేయి వీపు మీదకే పోతున్నది, ఫిబ్రవరిలో పరీక్ష. మా దుకాణపు ట్యూబు మూత తీసి వాడు కూడ రహస్యంగా పూసుకొంటున్నాడు. పరాయి పిల్లవాడిని చదివిస్తామని తెచ్చి జబ్బు అంటించినామన్న సిగ్గు మాకు ఆ రాత్రి కలిగినంతగా మరెన్నడూ కలుగలేదు.

డిసెంబరులో చక్కెర పరీక్ష చేయిస్తే 6.8 వచ్చినది. మరునాడే ముగ్గురమూ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలోని చర్మవ్యాధుల విభాగంలో వరుసలో నిలబడినాము.

వైద్యురాలు మచ్చ అంచు నుండి కొంచెం పొట్టు గీకి, రసాయనంలో నానబెట్టించి, సూక్ష్మదర్శినిలో చూసినారు. ఫంగస్ పోగులు స్పష్టంగా ఉన్నవన్నారు. తరువాత ట్యూబు అడిగి తీసుకొని, మీద ఉన్న చిన్న అక్షరాలను మాచేతనే చదివించినారు. అందులో ఫంగస్ మందుతోపాటు ఒక యాంటీబయాటిక్, వాటితో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కూడ ఉన్నవి. పూత స్టెరాయిడ్లలో అత్యంత బలమైన వాటిలో అది ఒకటి. అది దురదను, ఎరుపును అణచివేస్తుంది. ఆ రెండూ శరీరం ఫంగస్‌తో పోరాడుతున్నదని తెలిపే గుర్తులు. పోరాటం ఆగిపోగా చూసేవారికి నయమైనట్లు ఉంటుంది, లోపల ఫంగస్ నిశ్చింతగా విస్తరిస్తుంది. దీర్ఘకాలం వాడితే చర్మం పలుచబడి చారలు కూడ పడతాయి. ఇటువంటి 14 రకాల పూత స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చినదట. మాకు చీటీ ఎవరూ అడగలేదు. మేమూ చూపవలెనని అనుకోలేదు.

మన దేశంలో పదేళ్లకు పైగా తామర మొండి వ్యాధిగా మారినదనీ, పాత మందులకు లొంగని ఒక జాతి ఫంగస్‌కు 2020లో శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశపు పేరు కలిసేటట్లు నామకరణం చేసినారనీ ఆమె చెప్పినారు. దేశం పేరు ప్రపంచానికి తెలిసే మార్గాలు ఎన్నో ఉన్నవి, ఇది మాత్రం మనకు అక్కరలేనిది.

"నడకను ఎందుకు మానినారు? మానవలసినది తడి బట్టను. చక్కెర పెరిగితే ఈ ఫంగస్‌కు ఇంకా సుఖం" అన్నారామె. ట్యూబు ఆపిన తరువాత కొన్నాళ్లు ఎరుపు, దురద ముందుకన్న హెచ్చుతాయి, భయపడి మళ్లీ పూయవద్దని కూడ హెచ్చరించినారు. అన్నట్లే ఆ మొదటి పది రోజులు నరకం. మాత్రలు, పూతమందు ముగ్గురికీ ఒకేసారి మొదలైనవి. ఒకరు మానితే మరొకరి నుండి తిరిగి వస్తుంది గనుక ఇంటిల్లిపాదికీ ఒకేసారి వైద్యం జరగవలెనట. మచ్చలు కనబడకుండా పోయిన తరువాత కూడ ఆమె ఆపమన్న రోజు వరకు వాడినాము.

అసలు యుద్ధం బట్టలతో జరిగినది. ముగ్గురికి మూడు రంగుల తువ్వాళ్లు కొన్నాము. వాడికి ఎరుపు. లోదుస్తులు, నడక బట్టలు విడిగా బాగా కాగిన నీటిలో నానబెట్టి ఉతికి, నడుము పట్టీల కుట్ల మీద వేడి ఇస్త్రీ వేసేవారము. కాని ఆరవేయుట ఎక్కడ? ఎండ పడే చోటు మేడపైన మాత్రమే ఉన్నది, దాని తాళంచెవి ఇంటి యజమానురాలి కొంగున ఉన్నది. అద్దెకున్నవారిని ఆమె పైకి రానిచ్చేది కాదు. సిగ్గు విడిచి జబ్బు సంగతి చెప్పినాము. ఆమె ఒక్క క్షణం చూసి, లోపలికి పోయి తాళంచెవితోపాటు తన మనుమడి కోసం కొన్న ట్యూబును కూడ తెచ్చి చూపినది. అదే ట్యూబు. వారమంతా ఆ పిల్లవానిని ఆసుపత్రికి త్రిప్పినది మేమే.

ఇక కేశాల కథ. అక్టోబరులో మా ఇద్దరిలో జడ ఉన్నవారికి డెంగ్యూ జ్వరం వచ్చి తగ్గినది. జనవరిలో దువ్వెన నిండా జుట్టు. ఇప్పుడు నేరం ఢిల్లీ నీటి మీద మోపినాము. బోరు నీటి ఉప్పుకు బకెట్టు అంచున తెల్లని చార కట్టేమాట నిజమే. ఆ నీటిలో సబ్బు తెట్టు కట్టి వెంట్రుకను గరుకు చేసేమాటా నిజమే. కాని వైద్యురాలు నీటిని గురించి అడగనే లేదు. "రెండు మూడు నెలల క్రితం పెద్ద జ్వరం వచ్చినదా?" అన్నారు. తీవ్రమైన జ్వరంలో చాలా వెంట్రుకలు ఒక్కసారిగా ఎదుగుట మాని విశ్రాంతిలోనికి పోతాయి, రెండు మూడు నెలలకు రాలుతాయి, కుదుళ్లు చెడవు గనుక తిరిగి వస్తాయి. మామూలు రోజులలోనే 50 నుండి 100 వరకు రాలుట సహజమని విన్నాక లెక్కపెట్టుట మానినాము.

ఆమె తప్పుపట్టినవి మరి రెండు. చెమటతో తడిసిన తలను బిగించి కొప్పు వేసి అలాగే ఆరనిచ్చుట, చుండ్రు ఉన్న మాడుకు రాత్రంతా నూనె పట్టించి ఉంచుట. చుండ్రుకు తోడ్పడే ఈస్టు నూనెలోని కొవ్వును తిని బ్రతుకుతుందట. కొబ్బరినూనెకు వెంట్రుక లోనికి ఇంకి దానిని కాపాడే గుణం ఉన్నది గనుక, తలంటుకు ముందు జడ పొడవుకు రాసి కడిగివేయమన్నారు. ఇంటి నుండి కుంకుడుకాయలు తెప్పించుకొన్నాము. వాటి నురగ సబ్బు వలె బోరు నీటిలో తెట్టు కట్టదు. కళ్లు మండుట మాత్రం ఢిల్లీలోనూ విశాఖలోనూ ఒక్కటే.

శీతకాలంలో చర్మం పగిలినప్పుడు చేసిన పొరపాటు కూడ చెప్పవలెను. జబ్బు భయంతో రోజుకు రెండుసార్లు ఘాటైన సబ్బుతో, పొగలు క్రక్కే నీళ్లతో రుద్దుకొన్నాము. చర్మానికి సహజంగా స్వల్పమైన ఆమ్లగుణం ఉంటుంది, మామూలు సబ్బు క్షారం. ఆ రక్షణ పొర పోయి మోచేతులు చేప పొలుసుల వలె అయినవి. గోరువెచ్చని నీరు, చంకలకు గజ్జలకు మాత్రమే సబ్బు, ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు. మచ్చలు పోయిన చోట్ల మాత్రం పొడిగా తుడుచుకొనుట. దీనితో కుదుటపడినది. గాలి నాణ్యత సూచీ 400 దాటిన రోజులలో సంజయ్ వనం ఊసెత్తక మెట్లు ఎక్కి దిగినాము.

మేనల్లుడు ఫిబ్రవరిలో పరీక్ష వ్రాసినాడు. మార్చి నుండి మళ్లీ నడక మొదలైనది. ఇంటికి రాగానే టీకి ముందు స్నానం, పత్రిక ఆ తరువాత. జూన్ పరీక్షలో చక్కెర 6.2కు దిగినది. జూలైలో వాడికి ఎం.టెక్.లో సీటు వచ్చి హాస్టలుకు బయలుదేరుతుంటే, పెట్టెలో అన్నిటికన్న ముందు రెండు ఎర్ర తువ్వాళ్లు పెట్టినాము. వాడు వాటిని చూసి, "గదిలో ఇద్దరుంటామట, మామయ్యా. వాడికి కూడ ఒకటి ఇవ్వండి, వేరే రంగుది" అన్నాడు.